అరుదైన నాణెము ఎట్లు అరుదగును?
పందొమ్మిదవ శతాబ్దపు డచ్చి వెండి నాణెముల కథ

1849 అను సంవత్సరము ముద్రింపబడిన రెండు డచ్చి వెండి నాణెములను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. రెండింటి బరువు 25 గ్రాములే. వ్యాసము 38 మిల్లీమీటర్లే. విలువ రెండున్నర గిల్డర్లే. కాని ఒకదానిపై రాజు ఎడమవైపు చూచుచున్నాడు. రెండవదానిపై రాజు కుడివైపు చూచుచున్నాడు. మొదటివాడు రెండవ విలియము. రెండవవాడు అతని కుమారుడు మూడవ విలియము. ఆ యేడు మార్చి 17వ తేదీన తండ్రి మరణింపగా కుమారుడు రాజయ్యెను. టంకశాలలో పని సాగుచునే యుండెను. అచ్చు మాత్రము మారినది.

ఇట్టి జంటను సంపాదించి దాచుకొనుట నాణెముల సేకర్తకు గొప్ప ఆనందము. బయటివారికి అది వట్టి వేడుకగా తోచవచ్చును. కాని ఒక్క ప్రశ్న వేసికొన్నచో ఆ వేడుకయే శాస్త్రముగా మారును. కొన్ని నాణెములు ఏల విరివిగా దొరకుచున్నవి? కొన్ని ఏల దొరకకున్నవి? నాణెము పాతదైనకొలది అరుదగునని చాలమంది తలంతురు. అది సరికాదు. పదునారు వందల ఏండ్లు దాటిన రోమను సామ్రాజ్యపు రాగి నాణెములు నేటికిని స్వల్పమైన వెలకే లభించుచున్నవి. రెండువందల ఏండ్ల నాటి డచ్చి వెండి నాణెములు కొన్ని మిక్కిలి కష్టముమీద గాని దొరకవు. నాణెమును అరుదు చేయునది దాని వయస్సు కాదు; దానికి జరిగిన కథ. ఎన్ని ముద్రించిరి, ఎన్ని కరగిపోయినవి, మిగిలినవి ఏ స్థితిలో నున్నవి అను మూడు సంగతులలో ఆ కథ యంతయు ఇమిడి యున్నది.

ఒలందుల దేశము

డచ్చివారు ఆంధ్రులకు క్రొత్తవారు కారు. పదునేడవ శతాబ్ది ఆరంభముననే వారి వర్తక సంఘము మచిలీపట్నములో కోఠీ పెట్టినది. పాలకొల్లు, భీమునిపట్నములందును వారి స్థావరము లుండెడివి. వారు వెండి బంగారములను తెచ్చి, మన నేతగాండ్ర బట్టలను కొని తీసికొనిపోయెడివారు. 'హాలండు' అను మాట తెలుగువారి నోట 'ఒలందా' అనియు, 'వలందా' అనియు మారినది. మచిలీపట్నములోని వలందపాలెము ఆ పేరును నేటికిని నిలుపుకొన్నది. 1824లో ఇంగ్లీషువారికిని డచ్చివారికిని జరిగిన సంధి ననుసరించి, మరుసటి యేడు ఈ తీరములోని డచ్చి స్థావరములు ఇంగ్లీషువారి వశమయ్యెను.

ఒలందులు మన తీరమును విడిచిపోవుచున్న ఆ సమయముననే, వారి స్వదేశములో నాణెముల పద్ధతి పూర్తిగా మారుచుండెను. ఇచట చెప్పబోవునది ఆ క్రొత్త పద్ధతికి చెందిన వెండిని గూర్చియే.

1816 నాటి చట్టము

పూర్వము నెదర్లాండ్సు ఒకే రాజ్యము కాదు. ఏడు రాష్ట్రముల కూటమి. ఒక్కొక్క రాష్ట్రము తన నాణెములను తానే ముద్రించుకొనెడిది. గిల్డరునకు 20 స్టైవర్లు. రౌతు బొమ్మ గలవి, సింహము గలవి, దేవతామూర్తి గలవి, ఇట్లు నానావిధములైన వెండి నాణెములు ఒకే బజారులో తిరుగుచుండెను. ఏది ఎంత చేయునో చెప్పుటకు షరాబు కావలసి వచ్చెడిది.

నెపోలియను పతనము తరువాత 1815లో నెదర్లాండ్సు రాజ్యము ఏర్పడెను. నేటి బెల్జియము కూడ ఆనాడు దానిలో భాగమే. మొదటి విలియము రాజు 1816లో నాణెముల చట్టము చేసెను. గిల్డరునకు 100 సెంట్లు అను దశాంశ పద్ధతి అప్పటినుండియే అమలైనది. క్రొత్త గిల్డరు బరువు 10.766 గ్రాములు, అందు వేయింట 893 పాళ్ళు వెండి, మిగిలినది రాగి. అనగా ఒక గిల్డరులో 9.613 గ్రాముల అచ్చమైన వెండి యున్నది. మూడు గిల్డర్ల పెద్ద నాణెము, అర గిల్డరు కూడ ఇదే పాళ్ళలో చేయబడినవి. చిల్లరగా 25, 10, 5 సెంట్ల నాణెములను వేయింట 569 పాళ్ళు వెండి గల నాసి లోహముతో చేసిరి. ఉట్రెక్టు, బ్రస్సెల్సు అను రెండు పట్టణములలో టంకశాల లుండెను. బ్రస్సెల్సు నాణెములపై 'బి' అను అక్షరము కనబడును. 1830లో బెల్జియము తిరుగుబాటు చేసి వేరుపడినందున ఆ అక్షరము డచ్చి నాణెములనుండి మాయమైనది.

మంచి నాణెము మాయమగుట

చట్టము చక్కగానే యుండెను. కాని క్రొత్త గిల్డర్లు బజారులో నిలువలేదు. దీనికి రెండు కారణములు కలవు.

మొదటిది: పాత రాష్ట్రముల నాణెములను వెంటనే రద్దు చేయలేదు. అవి అరిగిపోయి, అంచులు కత్తిరింపబడి, బరువు తగ్గియుండెను. ఐనను చెల్లుబాటు మాత్రము పూర్తి విలువకే. ఒకే విలువకు చెల్లు రెండు నాణెములు చేతిలో నున్నప్పుడు, ఎవడైనను వెండి తక్కువైన దానిని ఖర్చు చేసి, ఎక్కువైన దానిని దాచుకొనును. లేదా కరగించి అమ్ముకొనును. చెడ్డ నాణెము మంచి నాణెమును తరిమివేయునను ఈ సూత్రమును అర్థశాస్త్రజ్ఞులు గ్రెషాము నియమ మందురు.

రెండవది: దక్షిణ రాష్ట్రములలో ఫ్రెంచి ఫ్రాంకు కూడ చెల్లుచుండెను. చట్టము ఒక ఫ్రాంకును 47¼ సెంట్లుగా లెక్కగట్టెను. ఫ్రాంకులో అచ్చమైన వెండి 4.5 గ్రాములు. ఇప్పుడు లెక్క వేయుదము. వేయి గిల్డర్లలో 9,613 గ్రాముల వెండి యున్నది. దానిని 4.5 చేత భాగించినచో సుమారు 2,136 ఫ్రాంకు లగును. ఆ ఫ్రాంకులను మరల 47¼ సెంట్ల చొప్పున చెల్లించినచో సుమారు 1,009 గిల్డర్లు వచ్చును! కరగించుటకును ముద్రించుటకును అయిన ఖర్చు తొమ్మిది గిల్డర్లకు తక్కువైనచో మిగిలినది లాభమే. వర్తకుడు ఈ లెక్కను గుర్తించుటకు ఎంతోకాలము పట్టలేదు. రాజు ముద్రించిన గిల్డర్లు సరిహద్దు దాటి ఫ్రాంకులుగా మారిపోయెను.

మొదటి విలియము కాలపు గిల్డర్లును, మూడు గిల్డర్ల నాణెములును, అందును అరగని స్థితిలో నున్నవి, నేడు అంత విలువ గలవి యగుటకు ఇదియొక ముఖ్యకారణము. ముద్రణ లెక్కలను మాత్రమే చూచినవాడు మోసపోవును. టంకశాలనుండి ఎన్ని వెడలినవి అనుట ఒకటి. మూసనుండి ఎన్ని తప్పించుకొన్నవి అనుట వేరొకటి. ఒకే మూసలో పడి కరగిన వేలకొలది నాణెములను గూర్చి టంకశాల పుస్తకములో ఒక్క పంక్తియు ఉండదు.

పది గ్రాముల గిల్డరు

ఈ దోషమును సవరించుటకు 1839లో మరియొక చట్టము వచ్చెను. గిల్డరును సరిగా 10 గ్రాములకు తగ్గించి, వెండి పాళ్ళను వేయింట 945కు పెంచిరి. అచ్చమైన వెండి 9.45 గ్రాములైనది. అర గిల్డరు 5 గ్రాములు. క్రొత్తగా వచ్చిన రెండున్నర గిల్డర్ల నాణెము 25 గ్రాములు. ఈ పెద్ద నాణెమునకే రైక్స్‌డాల్డర్ అని పేరు. మెట్రిక్ కొలతలు అంతగా అలవాటు కాని ఆ కాలములో గిల్డరు ఒక తూనికరాయిగా కూడ పనికివచ్చెడిది.

1840లో మొదటి విలియము ముఖముతో రైక్స్‌డాల్డరు వెలువడెను. ఆ యేడు అక్టోబరులోనే అతడు సింహాసనమును వదలుకొనెను. కావున అతని బొమ్మతో రైక్స్‌డాల్డర్ ఆ ఒక్క సంవత్సరమునకే పరిమితమైనది. ప్రతి రాజునకు ఒక్కొక్క నమూనా చొప్పున కూర్చుకొను సేకర్త ఆ ఒక్క సంవత్సరపు నాణెము కొఱకే వెదకవలెను. వేరు సంవత్సరము లేదు. వెల పెరుగుటకు ఇది మరియొక దారి.

పాత రాష్ట్రముల నాణెముల నన్నిటిని 1845 మొదలుకొని కొన్ని సంవత్సరములలో ప్రభుత్వము వెనుకకు తీసికొని కరగించెను. ఆ వెండియే రెండవ విలియము గిల్డర్లుగాను, రైక్స్‌డాల్డర్లుగాను మరల వెలువడెను. 1849 నాటి నాణెములో రౌతు బొమ్మ గల పూర్వపు నాణెపు వెండి ఎంత కలదో ఎవరును చెప్పజాలరు. 1847లో వెండియే ఏకైక ప్రమాణ లోహముగా నిర్ణయింపబడెను. 1848లో చిల్లర నాణెముల వెండి వేయింట 640 పాళ్ళయ్యెను.

ఇదే కాలమున జావా మొదలగు తూర్పు దీవులకై వేరు చిల్లర చేయబడినది. 1854 చట్టము ననుసరించిన ఆ చిన్న నాణెములు గిల్డరులో నాల్గవ, పదవ, ఇరువదవ వంతులు. వెండి వేయింట 720 పాళ్ళు. ఒకవైపు డచ్చి భాష. రెండవవైపు జావా లిపియు, అరబ్బీ లిపిలో మలయు భాషయు కలవు. అరచేతిలో ఇమిడెడు ఆ బిళ్ళపై ఏలువారి భాషయు, ఏలబడువారి భాషయు వీపులు కలిపి నిలిచినవి.

ఇరువది నాలుగేండ్ల ఖాళీ

రైక్స్‌డాల్డర్లను సంవత్సరముల వరుసలో పేర్చినచో 1874 తరువాత వరుస తెగిపోవును. మరల 1898లో గాని ఒక నాణెము కనబడదు. నడుమ ఇరువది నాలుగు సంవత్సరముల ఖాళీ. టంకశాల మూతపడలేదు, యంత్రములు పాడుకాలేదు, చిల్లర నాణెములు ముద్రింపబడుచునే యుండెను. మరి పెద్ద వెండి ఏమైనది?

సమాధానము నెదర్లాండ్సు వెలుపల నున్నది. 1871లో ఏకమైన జర్మనీ బంగారు ప్రమాణమును అవలంబించి, తన పాత వెండిని అమ్మజొచ్చెను. అమెరికా గనులనుండి వెండి విరివిగా రాసాగెను. వెండి ధర పడిపోయినది. ఆనాటివరకు ఎవరైనను వెండిని టంకశాలకు ఇచ్చి నాణెములుగా చేయించుకొనవచ్చును. వెండి చౌకయైన పిదపను ఆ హక్కును ఉంచినచో, లోకములోని చౌకవెండి యంతయు ఉట్రెక్టునకే వచ్చి గిల్డర్లుగా మారియుండెడిది. కావున ప్రభుత్వము ఆ తలుపును మూసివేసి, 1875లో పది గిల్డర్ల బంగారు నాణెమును ప్రవేశపెట్టెను. అందు 6.048 గ్రాముల అచ్చమైన బంగారము కలదు. పది వెండి గిల్డర్లలో 94.5 గ్రాముల వెండి. 94.5ను 6.048 చేత భాగించినచో 15.625 వచ్చును. బంగారమునకును వెండికిని చట్టము నిర్ణయించిన నిష్పత్తి అది. బజారులో వెండి అంతకంటె ఎంతో చౌకైనను పాత వెండి గిల్డరు బంగారముతో సమానముగా చెల్లుచునే యుండెను. ఇట్టి దానిని కుంటి ప్రమాణమనిరి.

1898లో విల్హెల్మీనా రాణి పట్టాభిషేక సందర్భమున లక్ష రైక్స్‌డాల్డర్లను ముద్రించిరి. తరువాత 1929 వరకు మరల ఆ నాణెమే లేదు. సేకర్తలు 1898 నాటి నాణెమును వెదకుటకు కారణ మిదియే. దాని అరుదుదనము వెనుక జర్మనీ ఏకీకరణమును, అమెరికా గనులును నిలిచియున్నవి.

నాణెమును చదువుట

సేకర్త నాణెమును పుస్తకమువలె చదువును. బొమ్మవైపున రాజు పేరు తరువాత జి.హెచ్.వి.ఎల్. అను పొడి అక్షరములు కనబడును. 'లక్సెంబర్గు మహా ప్రభువు' అని వాని యర్థము. ముగ్గురు విలియముల నాణెములపైనను ఆ యక్షరములు కలవు. విల్హెల్మీనా నాణెములపై లేవు. 1890లో మూడవ విలియము మరణించినప్పుడు అతని కుమార్తెకు పది యేండ్లు. ఆనాటి వారసత్వ నియమము ననుసరించి లక్సెంబర్గు సింహాసనము ఆమెకు దక్కలేదు. నస్సావు వంశమువాడైన అడాల్ఫునకు పోయినది. ఒక సంస్థానము చేజారిన సంగతి నాలుగు అక్షరముల లోపమువలన తెలియుచున్నది.

విల్హెల్మీనా తొలి నాణెములపై విరబోసిన జుట్టుతో నున్న బాలిక కనబడును. 1898 నుండి కిరీటము ధరించిన యువతి. ఉట్రెక్టు టంకశాలకు గుర్తు మెర్క్యురీ దేవుని దండము. దానితోబాటు టంకశాలాధిపతి సొంతగుర్తు ఒకటి యుండును. 1840 తరువాతి దశకములలో ఖడ్గము, 1875 నుండి గొడ్డలి, 1888 నుండి ఈటెగొడ్డలి వచ్చినవి. గిల్డరు అంచుమీద 'దేవుడు మనతో నుండుగాక' అను డచ్చి వాక్యము చెక్కబడి యున్నది. అది భక్తికి మాత్రమే కాదు. అంచును కత్తిరించిన దొంగను పట్టించుటకు కూడ.

ఈ జ్ఞానము నకిలీలను గుర్తించుటకును పనికివచ్చును. మూడవ విలియము రైక్స్‌డాల్డరుపై 1874 తరువాతి సంవత్సరము కనబడినచో దానిని వెంటనే అనుమానింపవలెను.

త్రాసు చెప్పు సాక్ష్యము

చరిత్ర చెప్పినదానిని భౌతికశాస్త్రము పరీక్షింపగలదు. వెండి విశిష్ట గురుత్వము 10.49, రాగిది 8.96. వేయింట 945 పాళ్ళు వెండి గల మిశ్రలోహమునకు లెక్కవలన సుమారు 10.39 వచ్చును. రైక్స్‌డాల్డరును సన్నని దారముతో త్రాసుకు వ్రేలాడదీసి, నీటిలో పూర్తిగా మునుగునట్లు, బుడగలు అంటుకొనకుండ తూచవలెను. గాలిలో 25 గ్రాములైనది నీటిలో సుమారు 22.59 గ్రాములు తూగును. అదే బరువుగల రాగి బిళ్ళకు వెండి పూత పూసినచో నీటిలో సుమారు 22.21 గ్రాములే తూగును. ఆర్కిమిడీసు సూత్రమే ఇచట షరాబు.

ఐతే ఈ పరీక్ష ఒక్కటియే చాలదు. సీసమును తగరమును తగిన పాళ్ళలో కలిపినచో వెండితో సమానమైన సాంద్రత రావచ్చును. కాబట్టి వ్యాసము, మందము, అంచుమీది వ్రాత, అక్షరముల వాడి, ఇవన్నియు కలిసి సాక్ష్య మీయవలెను.

సేకర్త చేయు మహాపరాధము నాణెమును తోముట. గాలిలోని హైడ్రోజను సల్ఫైడువలన వెండిపై వెండి సల్ఫైడు పొర ఏర్పడి నల్లబడును. మన యిండ్లలో వెండి సామానును విభూతితో తోమినట్లు నాణెమును తోమినచో, నలుపుతోబాటు రాజుగారి వెంట్రుకల గీతలును పోవును. రెండు శతాబ్దములు మూసనుండియు, షరాబునుండియు తప్పించుకొన్న నాణెము ఒక్క మధ్యాహ్నములో పాడగును. రబ్బరులో గంధకము, కొన్ని ప్లాస్టిక్కు సంచులలో క్లోరిను ఉండుటచే వానిలో దాచుటయు కీడే. పొడిగా నున్న చోట, ఆమ్లము లేని కాగితపు కవరులో ఉంచుట మేలు.

మిగిలినవి

ఇరువదవ శతాబ్దము మూసను మరల వెలిగించినది. 1914లో యుద్ధభయమున జనులు వెండిని దాచుకొనగా, ప్రభుత్వము చిన్న నోట్లను అచ్చువేయవలసి వచ్చెను. 1919లో వెండి పాళ్ళను 945 నుండి 720కి తగ్గించుచు చట్టము చేసిరి. జర్మను ఆక్రమణ కాలమున 1941 నుండి జింకు చిల్లర వచ్చెను. 1967లో గిల్డరు వెండిని విడిచి నికెలుకు మారెను. 2002లో యూరో రాకతో గిల్డరు కథ ముగిసినది. ఒక్కొక్క మలుపులోను పందొమ్మిదవ శతాబ్దపు వెండి తరిగినది. నేడు సేకర్త పెట్టెలో నున్నది అట్లు తప్పించుకొన్న శేషమే.

ఈ కథ యూరోపుతోనే ఆగలేదు. ఆ వెండి పతనమే 1893లో భారతదేశపు టంకశాలలలోను సామాన్యులు వెండినిచ్చి రూపాయలు చేయించుకొను హక్కును తొలగించినది. విక్టోరియా రాణి బొమ్మగల వెండి రూపాయి ఇప్పటికిని కొన్ని యిండ్లలో పూజాపీటపై నుండును. దాని బరువు 11.66 గ్రాములు; వెండి పన్నెండింట పదునొకండు పాళ్ళు. పాఠశాలలోని త్రాసుతో, దారముతో, గిన్నెడు నీటితో ఆ రూపాయిని విద్యార్థులు తూచి చూడవచ్చును. నీటిలో సుమారు 10.53 గ్రాములు తూగినచో లోహము సరియైనదే కావచ్చును. తూచిన పిదప తుడిచి, తోమక, యథాస్థానమున ఉంచవలెను.